దవడ పంటి ఫిల్లింగ్ ఏడాదిన్నరకే పెచ్చు లేచింది: బ్రోషర్‌లో మెగాపాస్కల్స్ చూసి కొత్తది ఎంచుకోవచ్చా?

ప్రశ్న క్లుప్తంగా ఇదీ. అడిగినాయన గాజువాకలో ఉంటారు, స్టీల్ ప్లాంటు క్వాలిటీ ల్యాబులో ఇంజనీరు. కింది దవడలో కుడివైపు మొదటి పెద్ద పంటికి (చీటీలో 46 అని రాసిన పన్ను) పంటి రంగు ఫిల్లింగ్ పెట్టించుకున్నారు. ఏడాదిన్నర తిరక్కుండానే పక్క పన్ను వైపు అంచు పెచ్చు లేచింది, తిండి ఇరుక్కుంటోంది. ఇప్పుడు రెండు చోట్ల అడిగితే ఒకరు 1,500, ఇంకొకరు నానో రకమని 3,500 చెప్పారు. ఆయన ఊరుకోకుండా రెండు మెటీరియల్స్ బ్రోషర్లూ నెట్‌లో వెతికి చూశారు. ఒకదానికి ఫ్లెక్సురల్ స్ట్రెంగ్త్ (వంచితే విరక్కుండా తట్టుకునే బలం) 120 మెగాపాస్కల్స్, రెండోదానికి 150. "మా నాన్నగారి వెండి ఫిల్లింగ్ పాతికేళ్ళుగా చెక్కుచెదరలేదు. నాది ఎందుకు పోయింది? 150 ఉన్నది పెట్టించుకుంటే ఆగుతుందా? ఆ నానో అనేదానికి అంత డబ్బు దండగ కాదా?" అని అడిగారు. పంటి ఫోటో, ఎక్స్‌రే కూడా పంపారు. నిద్రలో పళ్ళు కొరుకుతున్నానని ఇంట్లోవాళ్ళు అంటున్నారని చిట్టచివర ఒక ముక్క రాశారు.

ఆ చిట్టచివరి ముక్క మొట్టమొదట రాయాల్సింది సార్. దాని దగ్గరికి వస్తాను. నేను వైజాగ్‌లోనే పళ్ళ డాక్టర్ని, ఫిల్లింగులు, రూట్ కెనాళ్ళు నా రోజువారీ పని. పన్ను చూడకుండా ఇదే కారణమని తేల్చి చెప్పడం సబబు కాదు. కానీ 120కీ 150కీ మధ్య ఉన్న తేడా మీ ఫిల్లింగ్‌ని కాపాడదని మాత్రం ఇక్కణ్ణుంచే చెప్పగలను. ఊడిపోయినది కూడా వంద దాటిన మెటీరియలే అయ్యుంటుంది. కాంపోజిట్ (అదే, ఈ పంటి రంగు ఫిల్లింగ్ పదార్థం) బలంలో కొంతే ట్యూబులో వస్తుంది. మిగతాది మీరు కుర్చీలో నోరు తెరుచుకుని పడుకున్న ఆ ముప్పావుగంటలో తయారవుతుంది.

ముందు ఆ నంబరు ఎలా వస్తుందో చూద్దాం. మీరు రోజూ టెస్ట్ పీసులు చూసే మనిషి కాబట్టి లెక్కతోనే చెబుతాను. ఐఎస్ఓ 4049 అనే ప్రమాణం ఉంది. దాని ప్రకారం కాంపోజిట్‌తో 2 మిల్లీమీటర్ల వెడల్పు, 2 మిల్లీమీటర్ల మందం, 25 మిల్లీమీటర్ల పొడవున్న పుల్ల తయారుచేస్తారు. 37 డిగ్రీల నీళ్ళలో ఒక రోజు నానబెడతారు. 20 మిల్లీమీటర్ల దూరంలో ఉన్న రెండు ఆధారాల మీద పెట్టి మధ్యలో నొక్కుతారు. త్రీ పాయింట్ బెండింగే, మీకు కొత్త కాదు. నమిలే ఉపరితలం మీద వాడే కాంపోజిట్ కనీసం 80 మెగాపాస్కల్స్ తట్టుకోవాలి. సూత్రంలో వేసి చూడండి: స్పాన్ (ఆధారాల మధ్య దూరం) 20, వెడల్పు 2, మందం 2 అయితే స్ట్రెస్ అంటే లోడుకి 3.75 రెట్లు. అంటే 80 దగ్గర ఆ పుల్ల విరిగేది 21 న్యూటన్లకి, రెండు కిలోల పైచిలుకు బరువుకి. 120 ఉన్నది 32 న్యూటన్లకి, 150 ఉన్నది 40 న్యూటన్లకి విరుగుతుంది.

ఇప్పుడు అదే సూత్రంలో మందం స్క్వేర్‌లో ఉందని గమనించండి. ఆ 150 మెటీరియల్‌నే 2 మిల్లీమీటర్లకి బదులు ఒకటిన్నర మిల్లీమీటర్ల మందంలో పెడితే మోసేది 22.5 న్యూటన్లే. చవకైన 120 మెటీరియల్ రెండు మిల్లీమీటర్ల మందంలో 32 మోస్తోంది. అరమిల్లీమీటరు తేడా దగ్గర బ్రోషర్ గొప్ప మొత్తం ఎగిరిపోయింది. నోట్లో ఫిల్లింగ్ రెండు ఆధారాల మీద వేలాడే పుల్ల కాదు, కింద డెంటిన్ (పంటి లోపలి పొర) ఉంటుంది, చుట్టూ అతుకు ఉంటుంది, కాబట్టి ఈ న్యూటన్లు నోటికి నేరుగా వర్తించవు. కానీ మందానికి ఇచ్చే విలువ మాత్రం వర్తిస్తుంది. మీ ఫిల్లింగ్ పైనుంచి పక్కకి దిగే రకం. పై భాగానికీ పక్క పెట్టెలాంటి భాగానికీ మధ్య ఒక సన్నటి మెడ ఉంటుంది. సాధారణంగా పగుళ్ళు మొదలయ్యేవి అక్కడా, అంచు దగ్గర పల్చగా సాగదీసి వదిలిన చోటా. మీ ఫోటోలో పెచ్చు లేచిన ముక్క ఆకారం చూస్తే పల్చటి అంచు విరిగినట్టే ఉంది.

ఇంకో సంగతి. కొన్ని బ్రోషర్లలో 350, 400 అని పెద్ద నంబర్లు కనిపిస్తాయి. అది కంప్రెసివ్ స్ట్రెంగ్త్. నొక్కితే ఎంత తట్టుకుంటుందన్నది. పెళుసు పదార్థాలన్నీ నొక్కుడికి గట్టిగానే నిలబడతాయి, లాగితేనో వంచితేనో విరుగుతాయి. కాబట్టి ఆ నంబరు చూసి మురిసిపోవడానికి ఏమీ లేదు. మీరు నిజంగా బ్రోషర్‌లో వెతకాల్సింది ఫ్రాక్చర్ టఫ్‌నెస్, అంటే పగులు మొదలయ్యాక అది పాకకుండా ఎంత అడ్డుకుంటుందో చెప్పేది. కాంపోజిట్లలో చాలావాటికి అది 1 నుంచి 2 మెగాపాస్కల్ రూట్ మీటర్ మధ్యలోనే ఉంటుంది. మీ స్టీలుకి 50, 100 మామూలు విషయం. అదే బ్రాండు, అదే షేడు ట్యూబుతో ఒక డజను పుల్లలు చేసి విరిచినా డజను రకాల నంబర్లు వస్తాయి. లోపల చిక్కుకున్న గాలి బుడగే ఒక్కోదాని తలరాత నిర్ణయిస్తుంది. అందుకే పరిశోధకులు సగటుతో పాటు వైబుల్ మాడ్యులస్, అంటే ఆ నంబర్లు ఎంత నిలకడగా ఉన్నాయో చెప్పే లెక్క కూడా చూస్తారు. మార్కెటింగ్ కాగితంలో అది కనిపించడం అరుదు.

అసలు ఈ పదార్థం ఏమిటో కాస్త చెబితే మిగతాది సులువవుతుంది. కాంక్రీటులో కంకర, సిమెంటు ఉన్నట్టే ఇందులో గాజు, సిలికా, జిర్కోనియా రేణువులు కంకర, రెజిన్ (గట్టిపడే జిగురులాంటి పదార్థం) సిమెంటు. కంకర ఎక్కువైతే గట్టిదనం పెరుగుతుంది, కుంచించుకుపోవడం తగ్గుతుంది. దవడ పళ్ళకి వాడే ముద్దలాంటి కాంపోజిట్లలో బరువు ప్రకారం 75 నుంచి 80 శాతం దాకా ఈ రేణువులే. సిరంజి నుంచి జారే ఫ్లోయబుల్ రకంలో అంతకంటే బాగా తక్కువ, అందుకే అది జారుతుంది, అందుకే అది బలహీనం కూడా. రెజిన్‌లో ముఖ్యమైనది బిస్-జీఎంఏ. అది మరీ చిక్కన, కలపడానికి కూడా వీలుకాదు. పల్చన చేయడానికి టెగ్‌డీఎంఏ కలుపుతారు. అది ఎక్కువైన కొద్దీ కుంచించుకుపోవడం, నీళ్ళు పీల్చడం పెరుగుతాయి. గాజుకీ రెజిన్‌కీ సహజంగా పొత్తు కుదరదు. సైలేన్ అనే పూత ఆ రెంటినీ కలుపుతుంది. ఏళ్ళ తరబడి లాలాజలంలో నానే కొద్దీ నీళ్ళు మెల్లగా కొరికేది ముఖ్యంగా ఆ పూతనే.

బిస్-జీఎంఏని తయారుచేసినది అమెరికాలో నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్‌లో పనిచేసిన రాఫెల్ బోవెన్. 1962లో పేటెంట్ వచ్చింది. దానికి ముందు 1955లోనే మైకేల్ బ్యూనోకోర్ ఎనామెల్ (పంటి పైన ఉండే గట్టి పొర) మీద ఫాస్ఫారిక్ యాసిడ్ పూస్తే రెజిన్ గట్టిగా పట్టుకుంటుందని చూపించాడు. మీ పంటి మీద డాక్టరు నీలం రంగు జెల్ పెట్టి కాసేపాగి కడుగుతారే, అదే ఆ యాసిడ్, ఇప్పుడు సుమారు 37 శాతంది. ఈ ఇద్దరి పనీ లేకపోతే ఇవాళ పంటి రంగు ఫిల్లింగ్ అనేదే లేదు.

ఇక అసలు విషయం, నీలం లైటు. కాంపోజిట్‌లో క్యాంఫర్‌క్వినోన్ అనే పదార్థం ఉంటుంది. అది 468 నానోమీటర్ల దగ్గర కాంతిని బాగా పీల్చుకుని రెజిన్ గట్టిపడే చర్యని మొదలుపెడుతుంది. ఎంత బాగా చేసినా రెజిన్‌లో ఉన్న బంధాలన్నీ కలిసిపోవు. 50 నుంచి 75 శాతం దాకా కలుస్తాయి, ఆ తర్వాత పదార్థం బిగుసుకుపోయి అణువులకి కదిలే చోటుండదు. ఈ శాతం మీదే బలం, గట్టిదనం, అరుగుదల, నీళ్ళు పీల్చడం అన్నీ ఆధారపడతాయి. 150 మెగాపాస్కల్స్ వచ్చిన ల్యాబులో పుల్లకి లైటు చుట్టూ అడ్డేమీ లేకుండా, సరిగ్గా మీదనుంచి, పుల్ల పొడవునా వరసగా పడుతుంది. మీ 46 నంబరు పంటిలో?

ఇలా ఊహించుకోండి. పక్క పెట్టె అడుగు, చిగురు దగ్గర ఉన్న అంచు, లైటు కొసకి ఆరేడు మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది. నోరు పూర్తిగా తెరుచుకోకపోతే లైటు తల ఏటవాలుగా ఉంటుంది, పంటి చుట్టూ కట్టే మ్యాట్రిక్స్ బ్యాండ్ రేకు నీడ పడుతుంది. కాంతి దూరంతో పాటు తగ్గిపోతుంది. పైగా కాంపోజిట్‌లోని రేణువులు కాంతిని చెదరగొడతాయి. అందుకే మామూలు కాంపోజిట్‌ని రెండు మిల్లీమీటర్లకి మించకుండా పొరలు పొరలుగా పెట్టి ఒక్కో పొరకీ లైటు వేయాలి. సుమారు రెండు మిల్లీమీటర్ల పొరకి చదరపు సెంటీమీటరుకి 16 జౌళ్ళ శక్తి కావాలన్నది అందరూ వాడే మోటు లెక్క. 1,000 మిల్లీవాట్ల లైటుకి అది పదహారు సెకన్లు. 400 దాటని పాత లైటుకి నలభై సెకన్లు. పెట్టె అడుగున ఉన్న పొరకి దూరం వల్ల నష్టపోయింది కూడా కలిపి ఇంకా ఎక్కువ వేయాలి.

అడుగు పొర సరిగ్గా ఉడకకపోతే ఏమవుతుంది? పైన మీరు గోరుతో గీస్తే గట్టిగానే ఉంటుంది. డాక్టరు పరికరంతో తట్టినా గట్టిగానే మోగుతుంది. అడుగున మాత్రం మెత్తటి, నీళ్ళు తాగే, అతుకు సరిగ్గా లేని పొర ఉండిపోతుంది. ల్యాబులో ఇదే చూడ్డానికి కాంపోజిట్ ముక్క పైభాగం గట్టిదనాన్నీ అడుగు గట్టిదనాన్నీ పోలుస్తారు. అడుగున పైదానిలో కనీసం 80 శాతం ఉంటే ఫర్వాలేదంటారు. నోట్లో కొలిచే మార్గం లేదు. కాబట్టి లైటు మీద శ్రద్ధ ఒక్కటే దారి. క్లినిక్‌లో లైటు కొసని ఒకసారి గమనించండి. పాత కాంపోజిట్ ముక్కలు అంటుకుని గరుకుగా ఉంటే, లేదా గీతలు పడి మసకబారి ఉంటే, ఆ లైటు బయటకి వదిలేది దాని మీద రాసినంత కాదు. రేడియోమీటర్ అని అరచేతిలో పట్టే మీటర్ ఉంటుంది, దాని మీద లైటు వేసి చదువుకోవచ్చు. "మీ లైటు ఎంత చూపిస్తోంది సార్?" అని మర్యాదగా అడిగితే, చూసుకునే డాక్టరు వెంటనే నంబరు చెబుతారు. చూసుకోని డాక్టరు కాస్త మొహం చిట్లిస్తారు. 3,500 చెప్పినాయనా, 1,500 చెప్పినాయనా అన్నదానికంటే నాకైతే ఆ జవాబే ముఖ్యం.

బల్క్‌ఫిల్ అని ఒకేసారి నాలుగు మిల్లీమీటర్ల పొర పెట్టగల కాంపోజిట్లు కూడా వచ్చాయి. కాంతి లోపలికి వెళ్ళేలా పారదర్శకత పెంచారు, కొన్నిటిలో గట్టిపడే చర్యని మొదలుపెట్టే అదనపు ఇనీషియేటర్లు కలిపారు. మంచివే, పనికొస్తాయి. కానీ పొర మందం పెరిగిందని లైటు సెకన్లు తగ్గించుకుంటే లాభం పోయినట్టే. మూడు సెకన్లలో అయిపోతుందనే లైటుల గురించి నాకంత నమ్మకం లేదు. ఆ లైటుకోసమే తయారైన కాంపోజిట్‌తో వాడితే సరే, లేకపోతే వద్దు.

మీ ఫిల్లింగ్ విషయంలో నాకున్న ఇంకో అనుమానం కుంచించుకుపోవడం. గట్టిపడేటప్పుడు రెజిన్ అణువులు దూరదూరంగా ఉన్నవి దగ్గరికొచ్చి బంధం కడతాయి. దాంతో పదార్థం ఘనపరిమాణంలో సుమారు ఒకటిన్నర నుంచి మూడు శాతం కుంచించుకుపోతుంది, ఫ్లోయబుల్ అయితే ఇంకా ఎక్కువ. చూడ్డానికి తక్కువే. కానీ నాలుగు గోడలకీ అడుగుకీ అతికి ఉన్న గుంతలో పదార్థం కుంచించుకుపోవాలంటే ఏదో ఒకచోట ఊడాలి, లేదా పంటి గోడల్ని లోపలికి లాగాలి. 1987లో ఫైల్జర్, డి గీ, డేవిడ్సన్ అనే పరిశోధకులు దీన్ని ఒక నిష్పత్తిగా చూపించారు. అతికిన ఉపరితలాన్ని అతకని ఉపరితలంతో భాగించడమే, సి-ఫ్యాక్టర్ అంటాం. పైన మాత్రమే తెరిచి ఉన్న డబ్బా గుంతకి అది ఐదు. ఎంత ఎక్కువైతే అంత ఒత్తిడి. ఫిల్లింగ్ అయిన కొత్తల్లో కొరికితే జివ్వుమన్నదంటే ఇదీ ఒక కారణం. ఏటవాలుగా పొరలు పేర్చడం, ఎదురెదురు గోడల్ని ఒకే పొరతో కలపకుండా ఉండడం ఈ లాగుడు తగ్గించే పద్ధతులే.

ఇక పెట్టె అడుగు అంచు సంగతి. పై అంచుల్లో ఎనామెల్ ఉంటుంది, యాసిడ్ తగిలితే అక్కడ అతుకు చాలా బాగుంటుంది. పిప్పి లోతుగా పోయినప్పుడు అడుగు అంచు ఎనామెల్ దాటి డెంటిన్‌లోకో, ఇంకా కిందికో దిగుతుంది. అక్కడ తేమ ఎక్కువ, ఖనిజం తక్కువ, అతుకు బలహీనం. దానికి తోడు చిగురు నుంచి రక్తపు చుక్క, నాలుక వైపు నుంచి లాలాజలం. బాండింగ్ (అతికించే ద్రవం) పూసిన తర్వాత ఒక్క బొట్టు లాలాజలం తగిలినా అతుకు దెబ్బతింటుంది. వైజాగ్ ఉప్పగాలి సంగతి సరే, తెరిచిన నోట్లో ఊపిరి తేమ అంతకంటే దారుణం. అందుకే నేను రబ్బర్ డ్యామ్ గురించి పట్టుబడతాను. పంటి చుట్టూ రబ్బరు తెర కట్టి మిగతా నోటిని దూరంగా ఉంచడం. మీకు మొన్న అది కట్టారా అని గుర్తు చేసుకోండి. కట్టకపోయినా దూది, సక్షన్‌తో శ్రద్ధగా చేసినవాళ్ళున్నారు, కాదనను. లోతైన పక్క ఫిల్లింగ్‌కి మాత్రం అది లేకుండా చేయడం కష్టం.

నాన్నగారి వెండి ఫిల్లింగ్ విషయానికొస్తే, అక్కడ పోలిక సరిగ్గా కుదరదు. అమాల్గం, అంటే పాదరసం కలిపిన ఆ వెండి ఫిల్లింగ్, దేనికీ అంటుకోదు, గుంత ఆకారమే దాన్ని పట్టి ఉంచుతుంది. అందుకే గుంతని లోతుగా, లోపల వెడల్పుగా చెక్కేవాళ్ళు, మందం దానంతటదే వచ్చేది. తడి కాస్త ఉన్నా దానికి పెద్దగా పట్టదు. ఏళ్ళు గడిచే కొద్దీ దాని తుప్పే అంచుల సందుల్ని మూసేస్తుంది. అదే దాని పెద్ద బలం. మాడ్యులస్ (వంగకుండా ఉండే బిగువు) కూడా కాంపోజిట్ కంటే చాలా ఎక్కువ. కాకపోతే గోడల్ని పట్టి ఉంచదు కాబట్టి ఏళ్ళ తరవాత పక్క గోడ పగిలి ఊడిపోయిన కేసులు క్లినిక్‌కి వస్తూనే ఉంటాయి. నాన్నగారిది అలా ఏమీ కాలేదంటే సంతోషం, బాగున్నదాన్ని కదపకండి. పాదరసం కాలుష్యం గురించి 2013 మినమాటా ఒప్పందం తర్వాత అమాల్గం వాడకం తగ్గుతూ వస్తోంది, యూరోపియన్ యూనియన్ 2025 నుంచి వాడకాన్ని దాదాపు ఆపేసింది. కాబట్టి మళ్ళీ అటు వెళ్ళమని మీకు చెప్పను.

మాడ్యులస్ మాట వచ్చింది కాబట్టి: ఎనామెల్‌ది సుమారు 80 గిగాపాస్కల్స్, డెంటిన్‌ది 15 నుంచి 20. దవడ పళ్ళకి వాడే ముద్ద కాంపోజిట్‌ది సుమారు 10 నుంచి 15, ఫ్లోయబుల్‌ది 5 దరిదాపుల్లో. అంటే కాంపోజిట్ డెంటిన్‌కి దగ్గర, ఎనామెల్‌కి చాలా దూరం. మీరు కొరికినప్పుడు పక్కనున్న ఎనామెల్ వంగదు, కాంపోజిట్ కాస్త వంగుతుంది. ఆ తేడా అంతా అంచు మీద పడుతుంది. కొందరు పని తొందరగా అవుతుందని గుంత మొత్తం ఫ్లోయబుల్‌తో నింపేసి పైన పల్చటి పొర వేస్తారు. పలచగా అడుగున పూస్తే అది మంచి పనే. పెద్ద భాగం అదే అయితే పైపొర కింద ఆధారం వంగుతూ ఉంటుంది, పైపొర విరుగుతుంది. మీ ఎక్స్‌రేలో అడుగున ఒక భాగం తక్కువ తెల్లగా కనిపిస్తోంది. కొన్ని ఫ్లోయబుల్స్ ఎక్స్‌రేలో తక్కువగా కనిపిస్తాయి కాబట్టి అది ఫ్లోయబులే కావచ్చు. లేదా గాలి సందు, లేదా మళ్ళీ మొదలైన పిప్పి కావచ్చు. ఈ మూడిట్లో ఏదన్నది తెరిచాకే తెలుస్తుంది.

ఇప్పుడు ఆ పళ్ళు కొరకడం. గట్టిగా కొరికితే పెద్ద దవడ పళ్ళ దగ్గర 500 నుంచి 700 న్యూటన్ల దాకా బలం వస్తుంది. మామూలుగా అన్నం, కూర నమిలేటప్పుడు అందులో కొద్ది భాగమే వాడతాం, అదీ దెబ్బదెబ్బగా. నిద్రలో పళ్ళు కొరికేటప్పుడు మధ్యలో ఆహారం లేదు, నొప్పి వస్తే ఆపే తెలివి లేదు, పన్నుకి పన్ను నేరుగా రుద్దుకుంటుంది. ఫెటీగ్, అంటే పదేపదే లోడు పడి అలసి విరగడం ఏమిటో మీకు నేను చెప్పాలా? పరిశోధకులు నమలడాన్ని ఏడాదికి సుమారు రెండున్నర లక్షల సైకిళ్ళుగా లెక్కగట్టి ల్యాబులో పరీక్షిస్తారు. చాలా కాంపోజిట్లు ఒక్కసారి లోడు వేస్తే తట్టుకునేదానిలో సగం, సగానికి కాస్త పైన మాత్రమే పదేపదే వేస్తే తట్టుకోగలవు. బ్రోషర్‌లో ఉన్నది మొదటి నంబరు. మీ పంటికి కావాల్సింది రెండోది. పైగా అది నీళ్ళలో నానిన తర్వాత ఉండాల్సింది. మీకు ఏడాదిన్నరకే విరగడంలో రాత్రి కొరుకుడుకి పెద్ద వాటా ఉందని నా నమ్మకం. నైట్ గార్డ్ చేయించుకోకుండా ఎంత ఖరీదైన ఫిల్లింగ్ పెట్టించినా మళ్ళీ ఏడాదిన్నరకి ఇదే ప్రశ్న అడగాల్సి వస్తుంది. నైట్ గార్డ్ అంటే రాత్రి పెట్టుకునే పారదర్శకమైన గట్టి తొడుగు. మెత్తటి రెడీమేడ్ గార్డులు కొనకండి. కొందరు వాటిని నములుతూ ఇంకా ఎక్కువ కొరుకుతారు.

ఆహారం గురించి పెద్దగా భయపడకండి. బీచ్ రోడ్డు ముంత మసాలా, పీతల పులుసు తింటే ఫిల్లింగ్ ఊడదు. అయితే పీత డొక్క, పచ్చి వక్క, ఐస్ ముక్క దవడ పంటితో పగలగొట్టడం మానేయాలి. వేడి, చల్లన సంగతి చిన్నదే. కాంపోజిట్ వేడికి పంటికంటే రెండు మూడు రెట్లు ఎక్కువ వ్యాకోచిస్తుంది. ఐస్‌క్రీమ్ తిని వెంటనే వేడి టీ తాగితే అంచు దగ్గర కొన్ని మైక్రాన్ల ఆట ఉంటుంది. ఏళ్ళ తరబడి జరిగితే అది కూడా లెక్కలోకి వస్తుంది.  

నానో గురించి అడిగారు. నానో కాంపోజిట్‌లో సిలికా, జిర్కోనియా రేణువులు కొన్ని నానోమీటర్ల నుంచి ఇరవై నానోమీటర్ల సైజులో ఉంటాయి, కొన్ని గుత్తులుగా కూడా ఉంటాయి. ఉదాహరణకి ఫిల్టెక్ జెడ్350 ఎక్స్‌టీలో మామూలు షేడ్లకి బరువు ప్రకారం 78.5 శాతం రేణువులున్నాయి. దాని అసలు గొప్ప పాలిష్. అరిగినా నునుపు పోదు, ముందు పళ్ళకి అది బాగా పనికొస్తుంది. దవడ పంటి బలానికి మంచి మైక్రోహైబ్రిడ్‌తో (పెద్దా చిన్నా రేణువులు కలిపిన మామూలు రకంతో) పోలిస్తే చెప్పుకోదగ్గ తేడా ఏమీ లేదు. మైక్రోఫిల్ అనే పాత రకం మాత్రం దవడ పంటికి వద్దు, దాని బలం, మాడ్యులస్ రెండూ తక్కువ. కాబట్టి 3,500 చెప్పినాయన నానో అనే మాటకి తీసుకుంటుంటే అనవసరం. రబ్బర్ డ్యామ్ కట్టి, పక్క పన్నుకి గట్టిగా ఆనేలా సెక్షనల్ మ్యాట్రిక్స్, రింగ్ పెట్టి, గంటసేపు కూర్చుని చేస్తాననుకుంటే ఆ డబ్బు న్యాయమే. రెండు పళ్ళ మధ్య ఆనిక వదులుగా ఉంటే తిండి ఇరుక్కోవడం ఆగదు, ఎంత బలమైన మెటీరియలైనా సరే.

మీ కేసుకి నా సలహా చెబుతాను. గుంత వెడల్పు పంటి మీది రెండు కొనల మధ్య దూరంలో సగం కంటే తక్కువ ఉంటే, అడుగు అంచు చిగురుకి పైన ఉంటే, కాంపోజిట్‌తోనే మళ్ళీ చేయించుకోండి. అడుగున చిన్న గాజు పీచులు కలిపిన రకం వేసి, పైన రెండు మిల్లీమీటర్ల మామూలు కాంపోజిట్ వేయొచ్చు. ఎవర్‌ఎక్స్ పోస్టీరియర్ లాంటివి అలాంటివే. పీచులు పగులు పాకకుండా అడ్డుపడతాయి కాబట్టి ఫ్రాక్చర్ టఫ్‌నెస్ మామూలు కాంపోజిట్ కంటే స్పష్టంగా ఎక్కువ. పళ్ళు కొరికేవాళ్ళకి నేను దీని వైపే మొగ్గుతాను. అది మాత్రం ఎప్పుడూ పైకి తేలి ఉండకూడదు, పై పొర తప్పనిసరి. గుంత సగం దాటి ఉంటే, లేదా ఒక గోడ పల్చగా మిగిలిపోతే, ఫిల్లింగ్ మీద పంతం పట్టొద్దు. ఆన్‌లే (బయట తయారుచేసి పంటి మీద అతికించే ముక్క) గానీ క్యాప్ గానీ చేయించుకోండి. ఖర్చు ఎక్కువే, కానీ మళ్ళీ మళ్ళీ పెచ్చులు ఏరుకోవడం కంటే నయం.

"వెంటనే తినొచ్చా?" అని మీరు ఎలాగూ అడుగుతారు. లైటు పడగానే కాంపోజిట్ గట్టిపడుతుంది, ఆ తర్వాత ఒక రోజంతా కొద్దికొద్దిగా ఇంకా బలపడుతుంది. మత్తు వదిలాక మామూలు భోజనం చేయొచ్చు, ఆ రోజుకి గట్టివి వద్దు. కుర్చీ దిగే ముందు నీలం కాగితం పెట్టి కొరికించి ఎక్కడ ఎత్తు తగులుతోందో చూస్తారు. మత్తులో అది సరిగ్గా తెలియదు. ఇంటికెళ్ళాక మొదట ఆ పన్నే తగులుతోందనిపిస్తే సర్దుకుంటుందిలే అని ఊరుకోకుండా మర్నాడే వెళ్ళి దింపించుకోండి. పళ్ళు కొరికే మనిషికి అర మిల్లీమీటరు ఎత్తు చాలు, కొత్త అంచు కూడా విరగడానికి. కొత్త ఫిల్లింగ్ వేయించే ముందు బైట్‌వింగ్ (పళ్ళు కరిచిపట్టి తీసే) ఎక్స్‌రే ఒకటి తీయించి పంపండి. అడుగు అంచు ఎముకకి ఎంత దగ్గరుందో చూస్తే ఫిల్లింగా, ఆన్‌లేనా అన్నది ఇంకాస్త ఖచ్చితంగా చెబుతాను.